ఇద్దరూ పలివెల వారే

"మీ ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందండీ!"

యామినితో నాగదుర్గాప్రసాద్ మాట్లాడిన మొదటి మాట అది.

1999 ఆగస్టు నెల. అమలాపురం బస్టాండులో వాన దంచికొడుతోంది. యామిని నీలం గొడుగు వేసుకుని అంబాజీపేట వైపు వెళ్ళే బస్సు కోసం చూస్తోంది. ముక్కూ మొహం తెలియని కుర్రాడు, పొడుగ్గా, ఎండకి నల్లబడ్డవాడు, తడుసుకుంటూ పరిగెత్తుకొచ్చి రొప్పుతూ ఆ మాట అన్నాడు. ఏ ఆడపిల్లయినా ఏం చేస్తుంది? యామిని గొడుగు మూసి, అవసరమైతే ఒక దెబ్బ వెయ్యడానికి వీలుగా పట్టుకుంది.

"మీకెలా తెలుసు?"

"ఇందులో రాసుందండి. ఎనిమిది పాయింటు రెండు." చొక్కాలోంచి ఒక కవరు తీశాడు. "మీరు పలివెల యామిని గారే కదండీ? ఇందాక ల్యాబులో 'పలివెలా!' అని పిలిచేరు. నేనూ పలివెలేనండి. లేచి తీసేసుకున్నాను. బయటికొచ్చి విప్పితే ఆడవాళ్ళ పేరు. ఏం చెయ్యనండీ అని అడిగితే, నీలం గొడుగు అమ్మాయి ఇప్పుడే రెండో పలివెల కవరు పట్టుకెళ్ళిందన్నారు."

యామిని తన సంచిలోని కవరు తీసి చూసింది. పలివెల నాగదుర్గాప్రసాద్, వయసు ఇరవై నాలుగు. కింద ఎర్ర సిరాతో ఒక గీత.

"మీకు మలేరియా," అంది.

"ఆయ్. అనుకున్నానండి."

"అనుకునే ఇలా వానలో తడుస్తున్నారా?" కోపంగా అంటూనే గొడుగు తెరిచి సగం అతని మీదికి పట్టింది.

"రక్తం తక్కువున్నవాళ్ళు ఇంతసేపు నిలబడొచ్చేంటండీ మరి?"

ఇద్దరూ కవర్లు మార్చుకున్నారు. అతను వెళ్ళబోయి ఆగాడు.

"మీరు ఏ పలివెలండీ? మాది ఓడలరేవు. మా నాన్నకి బోటుంది."

"మాది ముక్కామల. కొబ్బరితోటలు."

"అయితే మీకూ మాకూ చుట్టరికం లేదన్నమాట," అన్నాడతను. ఆ ముక్క అంత సంతోషంగా ఎందుకు అన్నాడో యామినికి బస్సెక్కి కూర్చునేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక కిటికీ వైపు తిరిగి, అంబాజీపేట వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ప్రసాద్ చేపల పెంపకంలో డిగ్రీ చేశాడు. అల్లవరం దగ్గర రొయ్యపిల్లలకి రోగాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఉద్యోగం. యామిని అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. వారానికోసారి అతను ఏదో ఒక పని కల్పించుకుని ఆ స్కూలు దారిలో కనిపించేవాడు.

"మాత్రలు వేసుకుంటున్నారాండీ?"

"మీరు దోమతెర కట్టుకుంటున్నారా?"

మూడు నెలలపాటు వాళ్ళ మాటలు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. నాలుగో నెలలో ప్రసాద్ ధైర్యం చేసి స్కూలు లోపలికే వచ్చాడు. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయమంటే పూర్తి పేరు రాశాడు. వాచ్‌మన్ అది చదువుకుని, తరగతి గది గుమ్మం దగ్గరికొచ్చి, నలభైమంది పిల్లలు వినేలా చెప్పాడు.

"టీచరుగారండీ, మీ అన్నయ్యగారొచ్చేరండి."

యామిని బయటికొచ్చేసరికి ఆమె మొహం ఎర్రబడి ఉంది.

"ఇంకోసారి ఆ పుస్తకంలో ఇంటిపేరు రాయకండి."

"ఎందుకండీ?"

"అన్నయ్య అంటున్నారు."

"అంటే అననివ్వండి. మీకేం?"

"నాకు నచ్చలేదు."

ప్రసాద్ కాసేపు కాళ్ళకింది ఇసుక వంక చూశాడు. ఆ తర్వాత తలెత్తాడు.

"నాకూ నచ్చలేదండి," అన్నాడు.

అంతే. ప్రేమిస్తున్నానని ఇద్దరిలో ఎవరూ అంతకన్నా వివరంగా చెప్పుకోలేదు. గంట కొట్టారు. యామిని లోపలికి వెళ్ళి, మొక్కకి ఆకులెందుకో చెప్పబోయి వేర్లెందుకో చెప్పి వచ్చింది.

పెళ్ళి మాట ఎత్తేసరికి ముక్కామలలో ఇల్లు అట్టుడికిపోయింది. యామిని తండ్రి సూర్యనారాయణ గారు ఊళ్ళో పెద్దరైతు. మాట పడడం అలవాటు లేని మనిషి. బోటు మీద బతికేవాళ్ళింటికి పిల్లనివ్వడం ఆయనకి మొదటి కష్టం. రెండోది అంతకన్నా పెద్దది. ఒకే ఇంటిపేరున్నవాళ్ళు అన్నదమ్ముల బిడ్డలకింద లెక్క. ఎక్కడో సముద్రం ఒడ్డునున్నా సరే, కులం వేరైనా సరే, పేరు వింటే చాలు, ఊరు నోరు నొక్కుకుంటుంది.

"సూర్నారాయణగారి పిల్ల అన్ననే చేసుకుంటోందంటండీ," అని కొబ్బరికాయలు వలిచేచోట ఎవరో అన్నారు. అది ఆయన చెవిన పడింది.

2001లో యామినీ ప్రసాదూ రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. సూర్యనారాయణ గారు రాలేదు. తల్లి సావిత్రమ్మ మాత్రం పక్కూరి పెళ్ళికని చెప్పి బయలుదేరి, అమలాపురంలో దిగి, కూతురి తలమీద నాలుగు అక్షింతలు వేసి వెళ్ళింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళు తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు.

2004 ఫిబ్రవరిలో ప్రసాద్‌కి ఆస్ట్రేలియాలో ఒక రొయ్యల చెరువుల కంపెనీలో నాలుగేళ్ళ ఉద్యోగం వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ వీసాకి పెట్టారు. పెళ్ళి సర్టిఫికెట్టు, ఫోటోలు అన్నీ జతచేశారు. మూడు వారాల తర్వాత వచ్చిన ఉత్తరం యామిని విప్పింది. చదువుతూ చదువుతూ పడీపడీ నవ్వింది.

"ఏంటి? ఇచ్చేసేరా?"

"వినండి. భార్య పాస్‌పోర్టు పెళ్ళికి ముందు తీసుకున్నది. అందులోనూ ఇంటిపేరు పలివెలే, భర్తదీ పలివెలే. కాబట్టి మీరిద్దరూ తోబుట్టువులుగానీ, రక్తసంబంధీకులుగానీ కారని ఆధారాలు చూపించండి. ఇరవై ఎనిమిది రోజులు గడువు."

"ఆ వాచ్‌మన్‌ని వీసా ఆఫీసులో గాని పెట్టుకున్నారేంటి?"

యామిని మళ్ళీ నవ్వబోయి ఆగిపోయింది. ఉత్తరం మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఏవండీ, నిజంగా కామా?"

"ఏం కామా?"

"చుట్టాలం. మన తాతల తాతలు ఎప్పుడైనా ఒక ఇంటివాళ్ళేమో! ఒకే పేరు రెండిళ్ళకి ఊరికే ఎలా వస్తుంది? మీకెప్పుడూ తెలుసుకోవాలనిపించలేదూ?"

"నాకు నువ్వు దక్కితే చాలనిపించింది," అన్నాడు ప్రసాద్. కానీ ఆ రోజంతా అతనూ ఆలోచనలోనే ఉన్నాడు.

అమలాపురం కోర్టు దగ్గర లాయరు బంగారరాజు గారు ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"ఇద్దరి తండ్రులూ వచ్చి ప్రమాణపత్రాలివ్వాలమ్మా. మా రెండు కుటుంబాలూ ఒకటి కావని. పాత కాయితం ఏదైనా దొరికితే మరీ మంచిది."

"మా నాన్నగారు కాకుండా ఇంకెవరైనా..."

"ఆయనుండగా ఇంకోళ్ళ చేత చెప్పిస్తే వాళ్ళకి అనుమానం పెరుగుతుంది తల్లీ."

ముందు తేలికైన చోటికి వెళ్దామని ఓడలరేవు బయలుదేరారు. ప్రసాద్ తండ్రి అప్పన్న ఇంటిముందు నీడలో వల పరుచుకుని, తెగిన కన్నులు అల్లుతున్నాడు. విషయం విని చేతిలో దారం వదల్లేదు.

"సంతకమేగా, పెడతాను. అమ్మాయి అడిగితే ఎన్నయినా పెడతాను."

"అది కాదు మావయ్యగారూ," యామిని వల పక్కనే చతికిలబడింది. "మనకి పలివెల అని పేరెలా వచ్చిందండీ?"

అప్పన్న ఆశ్చర్యంగా చూశాడు. డెబ్బై ఏళ్ళలో ఆయన్ని ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"మా తాత పలివెల ఊరి దగ్గర కాలవమీద పడవ నడిపేవాడమ్మా. ధాన్యం, బెల్లం వేసుకుని ఈ సముద్రపు మొగదాకా వచ్చేవాడంట. ఓసారి వరదకి పడవ పగిలిపోయింది. ఇక్కడే ఉండిపోయేడు. అందరూ పలివెలోడు, పలివెలోడు అనేవారు. అదే పేరైపోయింది."

"అంతకుముందు ఇంటిపేరేంటండీ?"

"ఎవరికి తెలుసమ్మా! పడవమీద పుట్టినోడికి ఇల్లెక్కడిది, ఇంటిపేరెక్కడిది?"

తిరిగి వస్తూంటే బస్సులో యామిని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"అయితే మీవాళ్ళు పలివెల నుంచే వచ్చేరు," అంది చివరికి.

"మరి మీవాళ్ళో?"

"అదే తెలీదు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే, పేరు పేరేనమ్మా అని కసిరేరు నాన్నగారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఊరికే చూసుకున్నారు, కానీ ఆమె చూపు అతని ముక్కు మీద, చెవుల మీద కాస్త ఎక్కువసేపు నిలిచింది.

"ఏంటలా చూస్తున్నావు?"

"మా నాన్నగారి చెవులేమోనని."

"నావి మా అమ్మ చెవులు!" ప్రసాద్ గట్టిగా అనేసరికి ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

ఆదివారం పొద్దున్న ముక్కామల వెళ్ళారు. పెరట్లో వలిచిన కొబ్బరికాయలు గుట్టగా పోసున్నాయి. సూర్యనారాయణ గారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. కూతుర్ని చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"సావిత్రీ, ఎవరో వచ్చేరు. ఏం కావాలో కనుక్కో."

సావిత్రమ్మ గుమ్మంలోకొచ్చి కూతుర్ని చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకోవడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. యామిని ఉత్తరం తల్లికిచ్చింది. తల్లి తండ్రికిచ్చింది. ఆయన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివారు. చదివేకొద్దీ పేపరు జారిపోయి కింద పడింది.

"అన్నాచెల్లెళ్ళా?" అన్నారు కోపంగా. "వాడెవడు సావిత్రీ, అక్కడ కూర్చుని మన పిల్లని ఇంత మాటనడానికి?"

మన పిల్ల అన్న మాట యామిని విన్నది. ప్రసాద్ కూడా విన్నాడు. ఇద్దరూ విననట్టే నిలబడ్డారు.

"మనకి పలివెల అని పేరెలా వచ్చింది నాన్నగారూ?"

ఆయన కింద పడ్డ పేపరు తీసి మడతపెట్టారు.

"మావయ్యగారి తాత పలివెల నుంచే వచ్చేరంట. మనమూ అక్కణ్ణించేనా? ఒక్క ఇంటివాళ్ళమేనా? అదొక్కటి చెప్పండి. నాకు భయంగా ఉంది."

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది సావిత్రమ్మ.

సూర్యనారాయణ గారు లోపలికి వెళ్ళి ఇనప్పెట్టె తీసిన చప్పుడైంది. పసుపురంగు తిరిగిన ఒక దస్తావేజు తెచ్చి, మళ్ళీ భార్య చేతికే ఇచ్చారు. యామిని తీసుకుని మొదటి వరస చదివింది. 1911వ సంవత్సరం. 'పలివెల గ్రామ కాపురస్తుడు, ప్రస్తుతం ముక్కామలలో అత్తవారింట ఉంటున్న సలాది వెంకన్న.'

"సలాది?"

"మా ముత్తాత," అన్నారాయన, గోడనున్న క్యాలెండరుతో చెబుతున్నట్టు. "ఇల్లరికం వచ్చేడు. పలివెల నుంచి వచ్చిన అల్లుడని పలివెలాయన అన్నారు. పిల్లలకీ అదే పేరు నిలిచిపోయింది. అత్తారింటి కూడు తిన్నవాడి సంతానమని ఊళ్ళో అనిపించుకోకూడదని, మా తాత ఈ సంగతి ఎక్కడా ఎత్తొద్దని ఒట్టేయించుకున్నాడు."

యామినికి ముందు ప్రాణం తేలికపడింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంటే మన అసలు పేరు సలాది. పలివెలంటే రెండిళ్ళకీ ఊరి పేరే. వీళ్ళకీ మనకీ ఏ చుట్టరికం లేదని మీకు ముందే తెలుసు. కాయితం పెట్టెలోనే ఉంది. ఊరంతా మమ్మల్ని అంతంత మాటలంటుంటే, ఒక్కసారి తీసి చూపిస్తే సరిపోయేది కదా నాన్నగారూ!"

ఆయన కూతురి వంక చూడలేక కొబ్బరికాయల గుట్ట వంక చూశారు.

అప్పుడు ప్రసాద్ మొదటిసారి నోరు విప్పాడు.

"మీకిష్టం లేకపోతే వద్దండి. ఈ కాయితం బయటపడి, నలుగురిలో మీరు చిన్నబుచ్చుకోవడం మాకొద్దు. అల్లవరంలో నా ఉద్యోగం ఉండనే ఉంది. మనకి చుట్టరికం లేదని అమ్మాయికి తెలిసింది, అదే చాలండి."

సూర్యనారాయణ గారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. దస్తావేజు తీసుకుని లోపలికి వెళ్తూ, "మజ్జిగివ్వు వాళ్ళకి," అని మాత్రం అన్నారు.

గడువుకి ఇంకా అయిదు రోజులున్నాయనగా గురువారం పదిగంటలకి లాయరుగారు రమ్మన్నారు. యామిని ముక్కామల ఫోన్ చేసి తల్లితో ఆ మాట చెప్పింది. తల్లి "చెప్తాను," అంది, అంతే.

అప్పన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదిన్నరకే వచ్చేశాడు. పది దాటింది. పదకొండయింది. యామిని మెట్ల దగ్గరికి వెళ్తోంది, వస్తోంది.

"కూర్చో," అన్నాడు ప్రసాద్. "రాకపోయినా ఏం కాదు."

"మీకు బాధగా లేదూ?"

"నువ్వు ముక్కామల నుంచి వస్తూ ఒక్కమాటా మాట్లాడలేదే, అప్పుడు బాధేసింది. ఇప్పుడు లేదు."

పదకొండున్నరకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముందు సావిత్రమ్మ, వెనక సూర్యనారాయణ గారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో దస్తావేజు. ఎవరినీ పలకరించకుండా బల్లముందు కుర్చీలో కూర్చున్నారు.

బంగారరాజు గారు దస్తావేజు చూసి తలూపి, తను రాసిన చిత్తు అందుకున్నారు. "టైపు కొట్టించేముందు ఒకసారి వినండి. 'ముక్కామల వాస్తవ్యుడనైన పలివెల సూర్యనారాయణ అను నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునదేమనగా, నా కుటుంబమునకును, ఓడలరేవు వాస్తవ్యులైన పలివెల అప్పన్న గారి కుటుంబమునకును ఎట్టి బంధుత్వమును లేదు...'"

"ఆపండి," అన్నారు సూర్యనారాయణ గారు. "ఇది అబద్ధం."

యామిని బల్లమీది కవరు వంక చూసింది. దస్తావేజులో తను చూడని ముక్క ఇంకేదైనా ఉందా? ఆమె చెయ్యి దానంతటదే ప్రసాద్ చొక్కా అంచు పట్టుకుంది.

"అబద్ధమేంటండీ?" అప్పన్న లేచి నిలబడ్డాడు. "మీకూ మాకూ ఏవైనా..."

"ఎట్టి బంధుత్వమూ లేదని రాసేరు. అంటే ఇప్పుడూ లేదనేగా! నేను అబద్ధపు సంతకం పెట్టను లాయరుగారూ. 'ఈ పెళ్ళికి పూర్వము లేదు' అని రాయండి. దాని కిందే, పెళ్ళితో వియ్యంకులమయ్యామని కూడా రాయండి. చదివేవాడికి అర్థమవ్వాలి."

బంగారరాజు గారు కలం తీసి చిత్తులో దిద్దారు. సావిత్రమ్మ గట్టిగా ముక్కు చీదింది.

అప్పన్న తన కుర్చీ పట్టుకుని లాక్కొచ్చి ఆయన పక్కనే వేసుకున్నాడు.

"ఆయ్, బావగారూ," అన్నాడు.

"ఊఁ, బావగారూ," అన్నారు సూర్యనారాయణ గారు. గొంతు సవరించుకుని, "ఈ ఏడు వేట ఎలా ఉందండీ?" అని అడిగారు.

"పరవాలేదండి. మీ కొబ్బరి కాపు?"

"కాయకి నల్లి పురుగు పడిందండి. కొత్త ఆకుమొవ్వులు మాత్రం బాగానే వస్తున్నాయి."

లోపలిగదిలో టైపు మిషను టకటకలాడుతుంటే, ఇద్దరూ చేపల గురించీ కొబ్బరి గురించీ మెల్లిగా మాట్లాడుకున్నారు. రెండున్నరేళ్ళుగా మాట్లాడుకోవలసినవన్నీ ఒక వరసలో పెట్టుకుంటున్నట్టు.

కాయితాలు వెళ్ళాయి. నెల తర్వాత వీసా వచ్చింది. కానీ యామిని ఎప్పుడైనా ఆ రోజుల గురించి చెప్పాల్సివస్తే వీసా సంగతి చెప్పదు. సంతకాలయ్యాక మెట్లు దిగుతున్నప్పుడు జరిగింది చెబుతుంది.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఎండ కాలుతోంది. సావిత్రమ్మ వంట చేసే వచ్చానని, అందరూ ముక్కామల రావలసిందేనని పట్టుబట్టింది. అప్పన్న మొహమాటపడుతూనే ఆటోలో కూర్చున్నాడు. సూర్యనారాయణ గారు ఒక కాలు ఆటోలో పెట్టి, వెనక్కి తిరిగారు.

"అల్లుడుగారూ, ఎండలో నిలబడ్డారేంటి? ఎక్కండి."

ఎవరిని పిలుస్తున్నారోనని ప్రసాద్ వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండీ," అంది యామిని, అతన్ని ఆటోవైపు తోస్తూ.